జోడుపట్టీ

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ముప్ఫై ఒక్కేళ్ల నర్సు ఉద్యోగంలో నా చేత చీవాట్లు తినని డాక్టరు లేడు. తిన్నవాళ్లే మళ్లీ కష్టం వస్తే "ఎస్తేరమ్మను పిలవండి" అంటారు. మా ఆసుపత్రి హనుమకొండలో ఉంది, పేరు ఎందుకులెండి. అందులో నరాల వార్డుకు నేను హెడ్ నర్సుని. ఈ కథలో తప్పు చేసింది కూడా నేనే. ఆ సంగతి దాచిపెట్టి చివర్లో చెప్పడం నాకు చేతకాదు.

సమ్మక్క మా దగ్గరికి వచ్చింది ఎండాకాలంలో. ములుగు రూటు బస్సులో కండక్టరు. పొద్దున మొదటి ట్రిప్పులో ఆమె గొంతు బస్టాండు దాటి వినిపించేదట. సాయంత్రం అయ్యేసరికి మాట ముక్కులోంచి వచ్చేది, నాలుక మడత పడేది, కనురెప్పలు సగానికి దిగిపోయేవి. ప్రయాణికులు ఊరుకుంటారా? తాగి డ్యూటీ చేస్తోందని ఫిర్యాదు పెట్టారు. గొట్టంలో ఊదిస్తే ఏమీ లేదు. రెప్పల కోసం కళ్ల డాక్టరు దగ్గరికి, గొంతు కోసం ఇంకో డాక్టరు దగ్గరికి తిరిగి తిరిగి చివరికి మా వార్డు గుమ్మంలో నిలబడింది.

"పొద్దుగాల పులిని సిస్టరమ్మా, పొద్దుమీకితె పిల్లిని. గిదేం రోగమో ఎవ్వరూ చెప్తలేరు" అంది.

నేను ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తల ఎత్తకుండా కళ్లు మాత్రం పైకెత్తి ఫ్యానును చూస్తూ ఉండమన్నాను. నిమిషం కాకముందే రెండు రెప్పలూ మెల్లగా దిగిపోయాయి. చేతి తొడుగులో ఐసుముక్కలు వేసి మూతి కట్టి, మూసిన కంటిమీద రెండు నిమిషాలు ఉంచాను. తీసేసరికి ఆ కన్ను చక్కగా తెరుచుకుంది. రెండోది దిగే ఉంది. చల్లదనానికి అలా లేచే రెప్ప ఒకే జబ్బుకు గుర్తు. డాక్టరు వచ్చేలోపే కాగితం మీద రాసేశాను: మయస్తీనియా గ్రావిస్. తర్వాత రక్తపరీక్షా అదే చెప్పింది.

ఈ జబ్బును సమ్మక్కకు ఇలా చెప్పాను. నరం ఒక మాట చెబుతుంది, కండరం విని పని చేస్తుంది. మన ఒంటిని కాపాడాల్సిన రక్షకులే పొరపాటుపడి కండరం చెవులు మూస్తారు. అందుకని మొదటిసారి చెప్పిన మాట వింటుంది, పదోసారి చెప్పింది వినదు. కాస్త విశ్రాంతి ఇస్తే మళ్లీ వింటుంది. మందు ఆ మాటను కాసేపు ఎక్కువ నిలబెడుతుంది. భయమల్లా ఊపిరి తీసే కండరాల గురించే. అవి వినడం మానేస్తే మనిషి దక్కదు. ఇంకో తిరకాసు ఉంది. మందు తక్కువైనా నీరసమే, ఎక్కువైనా నీరసమే.

"అయితె నా పానం గడియారం లెక్క నీ చేతుల్ల ఉన్నట్టే" అంది సమ్మక్క.

"నా చేతుల్లో ఉంటే భయం లేదులే" అన్నాను. అప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను.

ఆ నెలలోనే డాక్టర్ రజియా జోడుపట్టీలు తెచ్చారు. ఆవిడ మా వార్డు పెద్ద డాక్టరు, ప్రయోగశాల కూడా ఆవిడదే. ఆవిడ తమ్ముడు ఇరవై రెండేళ్లకు ఇదే జబ్బుతో పోయాడు. ఏదో ఊరి ఆసుపత్రిలో, మిట్టమధ్యాహ్నం, పక్కన నర్సు ఉండగానే. అతను నిద్రపోతున్నాడని ఆ నర్సు అనుకుందట. "బయటి నుంచి చూస్తే ఈ నీరసం తెలీదు సిస్టర్. లోపలి నుంచి తెలియాలి" అనేవారు రజియా.

జోడుపట్టీ అంటే రెండు పట్టీలు. ఒకటి రోగి మోచేతి పైన, ఒకటి నర్సు మోచేతి పైన, దానికి తోడు మెడ వెనక అతికించే చిన్న బిళ్ల. మీట నొక్కితే రోగి కండరంలో మాట ఎంత తప్పిపోతోందో అంతే నర్సు కండరంలోనూ రెండు నిమిషాలపాటు తప్పిపోతుంది. ఊపిరి జోలికి పోకుండా తాళం వేశారు. నర్సు రెండు చేతులూ చాచి నిలబడాలి. అవి ఎన్ని సెకన్లలో పడిపోతే అది ఆ పూట రీడింగు. రోగి చర్మం కింద మందు పంపు ఉంటుంది. రీడింగు ప్రకారం దాని మోతాదు మార్చాలి.

వార్డులోనే ఉండిపోయిన సమ్మక్కతో మొదటిసారి నేనే కట్టుకున్నాను. ఆ ముందురోజే సమ్మక్కను, తల దువ్వుకోకుండా పిచ్చిదానిలా కూర్చున్నావేంటని కేకలేసి ఉన్నాను. మీట నొక్కిన అరనిమిషానికి నా చేతులు నావి కాకుండా పోయాయి. నొప్పి లేదు. అలసట కూడా కాదు. పైకెత్తమని ఎంత గట్టిగా అనుకున్నా ఆ అనుకోవడం భుజం దాకా వచ్చి ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. పట్టీ తీశాక దువ్వెన తీసుకుని ఆ పూట ఆమె జడ నేనే వేశాను.

వార్డులో ఎనిమిదిమందిమి పట్టీ కట్టేవాళ్లం. అందరిలోకీ నా రీడింగే సరిగ్గా వచ్చేది. నరాల పరీక్ష యంత్రంతో పోల్చి చూసినా సెకను తేడా ఉండేది కాదు. "ఎస్తేరమ్మ చెయ్యి" అని దానికో పేరు కూడా పెట్టారు. పొగిడితే నాకు చేదా? మెల్లమెల్లగా, ఇరవయ్యేళ్లుగా నేనే కొత్త నర్సులకు నేర్పిన పాత పరీక్షలన్నీ మూలపడ్డాయి. ఫ్యాను వంక చూడమనడం లేదు. ఒక్క గుక్కలో ఒకటి, రెండు, మూడు అని ఎంతదాకా లెక్కపెట్టగలరో చూడటం లేదు. చెయ్యి చెబుతుంటే ఇంకా అవన్నీ ఎందుకు?

ఒక నియమం మాత్రం రజియా గట్టిగా పెట్టారు. ప్రతి సోమవారం నర్సులంతా జోడీ పట్టీని బల్లమీద ఖాళీగా ఉంచి, తమది కట్టుకుని చేతులు చాచాలి. రెండు నిమిషాలూ నిలబడితే ఆ చెయ్యి మంచిది. ఈ ఖాళీ పరీక్ష పుస్తకం నా దగ్గరే ఉండేది. ఏడుగురి చేతులూ నేను దగ్గరుండి చూసేదాన్ని. ఎనిమిదో గడిలో నా పేరు దగ్గర ఊరికే సంతకం పెట్టేదాన్ని. నాకెందుకు, నేనేమన్నా నిన్న మొన్న చేరినదాన్నా అని.

పట్టీ తీశాక కూడా కాసేపు చేతుల్లో బరువు ఉండిపోయేది. దాన్ని మేము "మిగులు" అనేవాళ్లం. పావుగంటలో పోతుందని రజియా చెప్పారు. మా చిన్న నర్సు స్వరూపలాంటి పిల్లలు అది తొందరగా పోవడానికి ఉప్పునీళ్లతో చేతులు కడుక్కునేవారు. "ఇది దిష్టి కాదే, విద్యుత్తు" అని నేను నవ్వేదాన్ని.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం మా ఆయన ప్రభుదాసు నాటుకోడి కూర వండారు. రిటైరైన లెక్కల మాస్టారు, వంట కూడా లెక్కగానే చేస్తారు. నేను నాలుగు ముద్దలు తిని చెయ్యి ఆపేశాను. ముక్క నోట్లో ఉంది, దవడ కదలడం లేదు.

"ఏం, ఉడకలేదా?" అన్నారాయన.

"ఉడికింది. ఆకలి లేదు."

"పొద్దున చర్చిలో కూడా రెండో చరణానికే నీ గొంతు ఆగిపోయింది. ఎడమ కన్ను చూడు, ఎలా వాలిందో."

"నిన్న మూడుసార్లు పట్టీ కట్టానండీ. అది మిగులు."

"మిగులు పావుగంట అన్నావుగా. నిన్నటి నుంచి ఎన్ని పావుగంటలైనట్టు?"

"మీ లెక్కలు మీ పిల్లలకు చెప్పుకోండి! ఆ వార్డులో ఉన్నది నేనా మీరా?" అని లేచిపోయాను. ఆయన నా కంచం మీద మూత పెట్టారు. నా మొండితనం ముప్ఫై ఏళ్లుగా తెలిసిన మనిషి.

తర్వాతి సోమవారం నుంచి సమ్మక్క రీడింగు పడిపోవడం మొదలైంది. పొద్దున ఎనభై, సాయంత్రం నలభై. మందు పెంచాను. మర్నాడు సాయంత్రం ముప్ఫై ఐదు. మళ్లీ పెంచాను. పొద్దున బాగుండి సాయంత్రం పడిపోవడం ఈ జబ్బు గుణమే కదా, అనుమానం ఎందుకొస్తుంది? బుధవారం నేను భోజనానికి వెళ్లినప్పుడు స్వరూప పట్టీ కట్టుకుని చూసింది.

"మేడమ్, నాకు తొంభై అయిదు వచ్చింది. మందు పెంచుడు అవసరం లేదేమో" అంది బెదురుతూ.

"నీకు పట్టీ కట్టడం వచ్చి ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు మేడమ్."

"అయితే ఇంకో రెండేళ్లు పోయాక నాకు చెప్పు. నీ చెయ్యి ఇంకా పచ్చిది."

నేను మళ్లీ పట్టీ కట్టుకుంటే నలభై వచ్చింది, ఆ తొంభై అయిదును కొట్టేసి పైన నా నలభై రాశాను. కొట్టివేత దగ్గర సంతకం కూడా పెట్టాను. రౌండుకు వచ్చిన రజియా అది చూసి, "ఎస్తేరమ్మ చెయ్యి అంటే ఎస్తేరమ్మ చెయ్యే" అని మోతాదు పెంచడానికి ఒప్పుకున్నారు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి నేను వెళ్లేసరికి సమ్మక్క మంచం అంచున ముందుకు వంగి కూర్చుని ఉంది. ఫ్యాను తిరుగుతున్నా జాకెట్టు చెమటకు తడిసిపోయింది. నోట్లోంచి ఊరుతున్న ఉమ్మిని తువ్వాలుతో తుడుచుకుంటోంది. కళ్లవెంట నీళ్లు. చెంపమీద కండ దానంతటదే అదురుతోంది. పొద్దుటి నుంచి ఆరుసార్లు దొడ్డికి పోయిందని స్వరూప చెప్పింది.

ఇవన్నీ ఏమిటో నాకు తెలియదా? ప్రతి సంవత్సరం కొత్తగా వచ్చే నర్సులకు వేళ్లు మడిచి చెప్పేదాన్ని: చెమట, చొంగ, కన్నీళ్లు, విరేచనాలు, కండ అదురు. మందు ఎక్కువైన మనిషి ఇలా ఉంటుంది అని. తెలిసిన సంగతి కళ్లెదుట కూర్చుని ఉంటే, నేను పట్టీ కోసం బల్ల సొరుగు లాగాను.

"సిస్టరమ్మా" అంది సమ్మక్క. మాట ముద్దగా వచ్చింది. "నాకు మందు... ఎక్కువైతున్నదేమో."

"నువ్వు కండక్టరువా డాక్టరువా? నోరు మూసుకుని చెయ్యి చాపు."

ఆమె చేతికి పట్టీ చుట్టి, నాది నేను కట్టుకుని మీట నొక్కాను. చేతులు చాచాను. స్వరూప గడియారం చూస్తోంది. పద్దెనిమిదో సెకనుకు నా రెండు చేతులూ పక్కకు పడిపోయాయి.

"పద్దెనిమిది! చూశావా? ఊపిరి ఆగేదాకా తెచ్చుకునేట్టున్నాం. పంపు పెంచు" అన్నాను.

స్వరూప కదల్లేదు.

"చెవుడా?"

"మేడమ్..." ఆ పిల్ల మంచం మీదికి చూపించింది. "పట్టీ ఆమె చేతికి లేదు."

చూశాను. చెమటకు జారి, దుప్పటి మీద పడి ఉంది పట్టీ. నేను చేతులు చాచకముందే జారిపోయిందట. అంటే నా చేతిలోకి వచ్చిన నీరసం సమ్మక్కది కాదు. రెండో కొసన ఎవరూ లేరు.

ఒక క్షణం నాకు ఏమీ వినపడలేదు. తర్వాత నా నోరే ముందు తేరుకుంది. "పంపు ఆపు! పూర్తిగా ఆపు! డాక్టరమ్మను పిలువు, విరుగుడుకు అట్రోపిన్ తీయి, చొంగ లాగే గొట్టం పెట్టు!" సమ్మక్క కనుపాప మీద టార్చి వేశాను. ఆవగింజంతకు ముడుచుకుపోయి ఉంది, అదీ మందు ఎక్కువైన గుర్తే. "సమ్మక్కా, ఒక్క గుక్కలో లెక్కపెట్టు" అన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్నది. అయిదు అనడానికి ఊపిరి చాలలేదు. వచ్చిన రోజు ముప్ఫై దాకా వెళ్లిన మనిషి.

రజియా పరుగున వచ్చారు. పది నిమిషాల్లో గొంతులోకి గొట్టం వెళ్లింది, యంత్రం ఆమె బదులు ఊపిరి తీయడం మొదలుపెట్టింది. మత్తు మందు పట్టేముందు సమ్మక్క నా వంకే చూసింది. నేను ఆమె చెయ్యి పట్టుకుందామని చెయ్యి చాచాను. నా చెయ్యి సగందాకా వెళ్లి దిగిపోయింది. అక్కడే స్టూలు మీద కూలబడ్డాను, మళ్లీ లేవలేకపోయాను.

స్వరూప ఏమీ అడగకుండా వెళ్లి చేతి తొడుగులో ఐసు కట్టి తెచ్చి నా ఎడమ కంటిమీద పెట్టింది. రెండు నిమిషాల తర్వాత తీసింది. ఆ పిల్ల మొహం చూస్తే జవాబు తెలిసిపోయింది.

నా రక్తం కూడా అదే చెప్పింది. రెండు మూడు నెలలుగా మొదలై ఉంటుందన్నారు. ఖాళీ పరీక్ష ఒక్క సోమవారం నిజంగా చేసుకున్నా బయటపడేది. పన్నెండు సోమవారాలు సంతకం పెట్టాను. ప్రతి సాయంత్రం నా నీరసాన్ని సమ్మక్క ఖాతాలో వేసి, ఆమె ఒంట్లోకి మందు ఎక్కించాను.

నన్ను చేర్చుకున్న గదికి మా ఆయన వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. "చెప్పానా" అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండేది, పోట్లాడుకుని ఉండేదాన్ని.

రెండో రోజు సాయంత్రం రజియా నా గదిలోకి వచ్చి తలుపు వేశారు. ఆవిడ కళ్లు వాచి ఉన్నాయి.

"రిపోర్టు ఎల్లుండికి పంపాలి సిస్టర్. జబ్బు ముదిరి ఊపిరి అందని క్రైసిస్ వచ్చిందని రాస్తే... పూర్తిగా అబద్ధమేం కాదు. ఈ జబ్బులో అలా వస్తూనే ఉంటుంది. మీ ఉద్యోగం ఉంటుంది, పట్టీ ఉంటుంది. అసలు సంగతి రాస్తే రెండూ పోతాయి. పట్టీ వల్ల ఇంకెంతమంది బతుకుతారో ఆలోచించండి."

నాకు ఆశ పుట్టలేదని అంటే అబద్ధమవుతుంది. ముప్ఫై ఒక్కేళ్లు. ఇంకో నాలుగేళ్లలో రిటైర్మెంటు. ఒక్క వాక్యంతో అంతా దక్కుతుంది, ఎవరికీ తెలియదు. స్వరూప నోరు విప్పదు, నా మాటకు అంత భయం దానికి. ఆ భయం గుర్తొచ్చేసరికి నాకు నామీదే అసహ్యం వేసింది.

"మీ తమ్ముడి కేసు షీటులో ఆ నర్సు ఏం రాసిందమ్మా?" అని అడిగాను.

రజియా చేతిలోని కాగితాన్ని మడిచి మళ్లీ విప్పారు. "జబ్బు ముదిరి అని" అన్నారు చివరికి.

కాగితం నా ముందుకు జరిపారు. చెయ్యి ఆడకపోతే ఆగి, ఆడినప్పుడు రాసి, మూడు పేజీలు పూర్తి చేశాను. పన్నెండు సంతకాలూ అబద్ధమని రాశాను. స్వరూప చెప్పిన తొంభై అయిదును కొట్టేశానని రాశాను. సొంత నీరసం ఉన్న నర్సును పట్టీ గుర్తుపట్టలేదని కింద రజియా తన చేత్తో రాసి సంతకం పెట్టారు. వారం తిరక్కుండా పట్టీలన్నీ పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. నన్ను ఉద్యోగంలోంచి పక్కనబెట్టి విచారణ వేశారు. వార్డులో పిల్లలు మళ్లీ ఫ్యాను వంక చూడమంటున్నారు, అంకెలు లెక్కపెట్టిస్తున్నారు.

నాలుగో రోజున సమ్మక్క గొంతులోంచి గొట్టం తీశారు. ఆరో రోజున మాట సరిగ్గా వచ్చింది. నేను రోగి గౌనులోనే గోడ పట్టుకుంటూ ఆమె మంచం దగ్గరికి వెళ్లాను.

"ఏంది సిస్టరమ్మా, నువ్వూ గీ బట్టల్లనే ఉన్నవు?" అంది.

అంతా చెప్పాను. ఏదీ తగ్గించలేదు. నాకే ఈ జబ్బు వచ్చిందని, నా నీరసాన్ని నీదనుకుని నీకు మందు పోశానని, నువ్వు ఎక్కువైందని చెప్పినా నోరు మూసుకోమన్నానని. చెప్పేకొద్దీ నా గొంతు ముక్కులోకి వెళ్లిపోయింది, ఆఖరి మాటలు నాకే సరిగ్గా వినపడలేదు. ఆమెకు మాత్రం అర్థమయ్యాయి. అలాంటి మాటలు ఆమెకు అలవాటే.

సమ్మక్క కిటికీ వైపు తిరిగి పడుకుంది. అటే చూస్తూ మాట్లాడింది.

"నాలుగు దినాలు సిస్టరమ్మా. నోట్ల పైపు. అంతా ఇనవడ్తది, ఏం అననీకి రాదు. నా పిల్లలను ఇగ సూస్తనో లేదో అనుకున్న. నువ్వు దగ్గర ఉన్నవని ధైర్నం చేసుకున్న సూడు, గదే నాకు ఎక్కువ కోపమొస్తున్నది."

"కోపం రావాలి. రాకపోతే మనిషివే కాదు" అన్నాను. "నన్ను తిట్టు సమ్మక్కా. ఎన్ని తిట్లు వస్తే అన్నీ తిట్టు."

"తిట్టనీకి గుడ బలం లేదు." ఇటు తిరిగింది. నా మొహం చూసింది, కిందికి వాలిన నా ఎడమ కన్ను చూసింది. "నువ్వెందుకు నిలవడ్డవు? కాళ్లు వణుకుతున్నయి. పడ్తవు."

"వెళ్తానులే."

"ఎక్కడికి వోతవు? పోయి తప్పించుకుంటవా?" కాళ్లు కొంచెం పక్కకు జరిపి మంచం మీద చోటు చేసింది. "ఈడ కూసో. నా కోపం పోయేదాంక ఈన్నే కూసో."

కూర్చున్నాను. పంపు తీసేశాక ఆమెకూ మాత్రలే. సాయంత్రం మందు వేళకు స్వరూప రెండు మాత్రలు, రెండు గ్లాసుల నీళ్లు తెచ్చింది. ఇద్దరం మింగాం. అలవాటు కొద్దీ ఆమెది ఎంత మోతాదో చూద్దామని చెయ్యి చాచబోయాను. సమ్మక్క నా చెయ్యి పట్టుకుని కిందికి దించి, వదలకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. కోపం మాత్రం ఇంకా పోలేదు.